శివారులో రెండిళ్లు నచ్చాయా? బండి నడపని మనిషిని అడిగి తేల్చుకోండి

ఇల్లు చూడటానికి వెళ్లినవాళ్లు ముందు వంటగదిలోకి తొంగిచూస్తారు. తర్వాత పడకగదులు లెక్కపెడతారు, కారు ఎక్కడ పెట్టుకోవాలో అడుగుతారు. వీధిని చూసేది మాత్రం కారు దిగి గేటు దాటేలోపు. ఈ వరస తిరగబడాలి. వంటగదిని పగలగొట్టి మళ్లీ కట్టుకోవచ్చు, కిటికీ మార్చుకోవచ్చు, స్థలం ఉంటే గది కలుపుకోవచ్చు. ఇంటి ముందు రోడ్డు మీద పోయే బండ్లను, బడి ఉన్న దూరాన్ని, నేల పల్లాన్ని, మన పెరట్లోకి చూసే పక్కింటి మేడ కిటికీని మార్చడం ఎంత డబ్బున్నవాడి వల్లా కాదు.

రెండు మూడు ఇళ్లు నచ్చి ఏదీ తేల్చుకోలేకపోతున్నవారికి నేను చెప్పే కొలబద్ద ఒకటే. మీ ఇంట్లో బండి నడపని మనిషి ఎవరు? పదేళ్ల పిల్ల కావచ్చు, చూపు మందగించిన తాతగారు కావచ్చు. ఆ మనిషి ఎవరి సాయమూ లేకుండా గడప దాటి ఎంత దూరం వెళ్లి రాగలరో చూడండి. కారున్నవాళ్లకు శివారులో ఏ ఇల్లయినా ఇంచుమించు ఒకటే. పది నిమిషాలు అటూ ఇటూ. నడిచేవాళ్లకు మాత్రం ఒక వీధి తేడాతో రోజంతా మారిపోతుంది. కుటుంబం కోసమని కొనే ఇంట్లో ఎక్కువ గంటలు గడిపేది కూడా వాళ్లే.

డెడ్ ఎండ్ వీధా, రెండు వైపులా తెరిచిన వీధా?

శివారు ఇళ్లలో అందరూ ఎగబడేది చివర మూసుకుపోయిన వీధిలోని ఇంటి కోసం. బయటి బండ్లు రావు, పిల్లలు రోడ్డు మీదే ఆడుకోవచ్చు, కొత్త మనిషి వస్తే వెంటనే కళ్లలో పడతాడు. ఈ మాటల్లో అబద్ధం లేదు. అమెరికాలో డోనాల్డ్ ఆపిల్‌యార్డ్ అనే ఆచార్యుడు శాన్‌ఫ్రాన్సిస్కోలోని మూడు వీధులను పోల్చి 1972లో తన పరిశీలనను ప్రచురించాడు. ఒక వీధిలో రోజుకు సుమారు 2,000 వాహనాలు, రెండోదానిలో 8,000, మూడోదానిలో 16,000 తిరిగేవి. మొదటి వీధిలో ఒక్కొక్కరికి తమ వీధిలోనే సగటున ముగ్గురు స్నేహితులున్నారు. మూడో వీధిలో ఒక్కరు కూడా నిండుగా లేరు, 0.9 మంది. ఇంకో సంగతి నాకు అంతకన్నా ముఖ్యంగా తోస్తుంది. మీది అనుకునే చోటు ఏదో పటం మీద గీయమంటే, బండ్లు తక్కువున్న వీధివాళ్లు వీధినంతా కలుపుకుని గీశారు. రద్దీ వీధివాళ్ల గీత తమ భవనం దగ్గరే ఆగిపోయింది.

కాబట్టి బండ్లు తక్కువగా ఉండాలన్న మాట ఖాయం. అయితే డెడ్ ఎండ్ వీధిలో బండ్లతో పాటు మనుషుల దారి కూడా మూసుకుపోతుంది. కంచెకు అవతలే బడి గంట వినిపిస్తుంటుంది. అక్కడికి చేరాలంటే మాత్రం కాలనీ అంతా చుట్టి, పెద్ద రోడ్డు ఎక్కి, ఒకటిన్నర కిలోమీటర్లు నడవాలి. పిల్ల నడవదు, కారులో దింపాల్సిందే. వీధిలో ప్రతి ఇంటిదీ అదే తంతు కనుక పొద్దున్నే ఆ పెద్ద రోడ్డు మొగలో అందరి కార్లూ ఒకేసారి ఇరుక్కుంటాయి.

ఈ నమూనాకు పేరు తెచ్చినవాళ్లు దాన్ని ఇలా తలపెట్టలేదు. 1929లో న్యూజెర్సీలో రాడ్‌బర్న్ అనే చోట క్లారెన్స్ స్టైన్, హెన్రీ రైట్ కట్టిన ఇళ్లలో కార్లు డెడ్ ఎండ్ వీధిలోకి వచ్చి ఒకవైపు ఆగుతాయి. ఇంటి రెండో వైపు కాలిబాట మీదికి, పార్కు మీదికి తెరుచుకుంటుంది. రోడ్డు దాటాల్సిన చోట కాలిబాట దాని కిందుగా సాగిపోయింది. బండికి దారి మూసి, మనిషికి దారి తెరవడం అందులోని కిటుకు. తర్వాత వచ్చిన కాలనీలలో చాలావరకు మొదటి సగాన్ని ఉంచుకుని రెండో సగాన్ని వదిలేశాయి. కాలిబాటకు వదిలిన స్థలాన్ని అమ్ముకోలేరు కదా.

అందువల్ల డెడ్ ఎండ్ ఇల్లు నచ్చితే వీధి చివరిదాకా నడిచి చూడండి. అక్కడ రెండు ప్రహరీల మధ్య మనిషి పట్టేంత సందు, అవతలి వీధిలోకి దారి ఉంటే ఆ ఇంటికి మించినది లేదు, ధర కాస్త ఎక్కువైనా తీసుకోవచ్చు. ఆ సందు ఎవరిదో, ఎప్పుడైనా మూసేసే హక్కు ఎవరికైనా ఉందో కాగితాల్లో చూసుకోండి. సందు లేకపోతే నా ఓటు రెండు వైపులా తెరిచిన సన్నపాటి వీధికే. వెడల్పు తక్కువై, కాస్త వంపు తిరిగి, పక్కన కార్లు నిలిపి ఉంటే నడిపేవాడు తనంతట తానే నెమ్మదిస్తాడు. వెడల్పుగా, తిన్నగా ఉన్న రోడ్డు చూడటానికి ఠీవిగా ఉంటుంది. కాలు యాక్సిలరేటర్ మీద బరువెక్కేదీ అక్కడే. గంటకు 30 కిలోమీటర్ల వేగం 50 అయితే గుద్దుకునే దెబ్బలోని శక్తి దాదాపు మూడు రెట్లవుతుంది.

తెరిచిన వీధిలో అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. పెద్ద రోడ్డు మీది సిగ్నల్‌ను తప్పించుకోవడానికి ఈ వీధిని అడ్డదారిగా వాడుకుంటున్నారా? ఆదివారం మధ్యాహ్నం వెళ్తే తెలియదు. పనిదినం పొద్దున, బడికీ ఆఫీసుకూ వెళ్లే వేళ పావుగంట నిలబడితే తెలుస్తుంది. వచ్చిన బండ్లలో ఆ వీధిలోనే ఆగేవెన్ని, దూసుకుపోయేవెన్ని అని చూడండి చాలు.

పెద్ద రోడ్డుకు ఆనుకున్న ఇల్లు వీటన్నిటికన్నా చవగ్గా వస్తుంది. "లోపలికి జరిగి ఉంది, శబ్దం రాదు" అని అమ్మేవాళ్లు చెబుతారు. రద్దీ రోడ్డు నుంచి దూరం రెట్టింపు చేస్తే తగ్గే శబ్దం 3 డెసిబెళ్ల చొప్పునే. చెవికి సగమైనట్టు అనిపించాలంటే 10 డెసిబెళ్లు తగ్గాలి. అంటే 20 మీటర్ల దూరంలోని ఇంటికీ 40 మీటర్ల దూరంలోని ఇంటికీ చెవికి తెలిసే తేడా పెద్దగా లేదు. మధ్యలో ఇంకో వరస ఇళ్లు అడ్డుంటే మాత్రం బాగా తగ్గుతుంది. రాత్రిపూట రోడ్డు శబ్దం ఇంటి బయట సగటున 45 డెసిబెళ్లు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో సూచించింది. ఫోనులో కొలిచే యాప్‌లు కచ్చితమైనవి కాకపోయినా రెండిళ్లను పోల్చడానికి పనికొస్తాయి. ఒకే ఫోనుతో, ఒకే వేళలో, పడకగది కిటికీ తెరిచి చూడండి.

దూరంగా పెద్దిల్లు, దగ్గరగా చిన్నిల్లు

అదే డబ్బుకు ఇంకా బయటికి వెళ్తే ఒక గది ఎక్కువ వస్తుంది. ఈ బేరంలో ఆ గదికి రెండు ధరలుంటాయి: ఒకటి బ్యాంకుకు కట్టేది, రెండోది రోడ్డు మీద కట్టేది. ఒక్కో వైపు అరగంట చొప్పున పెరిగితే రోజుకు గంట. ఏడాదికి 220 పనిదినాలు అనుకుంటే 220 గంటలు. రోజుకు ఎనిమిది గంటల లెక్కన 27 పనిదినాలకు పైమాట. ఇద్దరు ఉద్యోగాలు చేస్తుంటే ఇది రెట్టింపు. ఆ గంట పోయేది ఆఫీసు పనిలోంచి కాదు, సాయంత్రం పిల్లలతో గడిపే వేళలోంచి.

ఎక్కువ దూరం వెళ్లేవాళ్లకు దానికి తగ్గ ఫలితం మంచి ఇంటి రూపంలోనో మంచి జీతం రూపంలోనో దక్కుతుందని లెక్క ప్రకారం అనుకోవాలి. స్విట్జర్లాండ్‌కు చెందిన ఆర్థికవేత్తలు బ్రూనో ఫ్రై, అలోయిస్ స్టుట్జర్ జర్మనీ కుటుంబాల వివరాలతో దీన్ని పరీక్షించారు. ప్రయాణం పెరిగిన కొద్దీ జనం చెప్పుకున్న జీవన తృప్తి తగ్గుతూ వచ్చింది తప్ప ఇల్లూ జీతమూ ఆ లోటును పూడ్చలేదు. నా ఊహ ఏమిటంటే, పెద్ద గదికి నెల రోజుల్లో అలవాటుపడిపోతాం, రోజూ కొత్తగా వచ్చే ట్రాఫిక్‌కు అలవాటుపడటం అంత తేలిక కాదు.

చిన్నిల్లు అంటే ఎప్పటికీ చిన్నదిగానే ఉండాలని లేదు. న్యూయార్క్ దగ్గర లాంగ్ ఐలండ్‌లో 1947లో మొదలైన లెవిట్‌టౌన్‌ను చూడండి. శివారు కాలనీ అనగానే ప్రపంచమంతా తలుచుకునే ఊరది. అక్కడి తొలి ఇళ్లు సుమారు 750 చదరపు అడుగులవి. పైకప్పు కింద అటక భాగాన్ని పూర్తిచేయకుండా వదిలేశారు, తర్వాత ఎవరికి వారు గదులు వేసుకునేలా. స్థలం మాత్రం ఇంటికి చుట్టూ వదిలి ఇచ్చారు. కుటుంబాలు పెరిగిన కొద్దీ పైకి, వెనక్కి, పక్కకు కట్టుకుంటూ పోయారు. ఇప్పుడు మొదటి రూపంలో మిగిలిన ఇల్లు అక్కడ అరుదు.

కాబట్టి చిన్నిల్లు చూసేటప్పుడు గదుల కన్నా ముందు పెంచుకునే వీలు చూడాలి. పునాదీ గోడలూ పై అంతస్తు బరువు మోస్తాయా? వెనక ఎంత స్థలం వదలాలని నిబంధన ఉంది? మెట్లు వేయాలంటే ఉన్న గదుల్లో ఏది పోతుంది? ఈ మూడో ప్రశ్న ఎవరూ అడగరు. మెట్లకోసం హాలు సగం పోయాక పైన వచ్చిన గది వల్ల మిగిలింది ఏమీ లేదని అప్పుడు తెలుస్తుంది. స్థలం అంచుదాకా కట్టేసిన చిన్నిల్లయితే ఈ వాదన చెల్లదు. అప్పుడు దూరపు ఇంటి గురించి ఆలోచించవలసిందే.

దూరపు ఇల్లే తీసుకుంటే ఒక్క షరతు. బస్సో రైలో నడిచి అందుకునేంత దగ్గరలో ఉండాలి. మామూలు నడకకు అయిదు నిమిషాల్లో 400 మీటర్లు, పది నిమిషాల్లో 800 మీటర్లు. పటం మీద గాలిలో గీత గీసి కొలవకండి, నడిచి కొలవండి. రాత్రి ఆఖరి బస్సు ఎన్నింటికో కూడా అడగండి. కాలేజీకి వెళ్లే వయసు వచ్చిన పిల్లలకు ఆ ఇల్లు ఇల్లవుతుందో కారాగారమవుతుందో ఆ సమయం చెబుతుంది.

కొత్త కాలనీ, పాత పేట

కొత్త కాలనీలో పటం మీద పార్కు ఉంటుంది, బడి ఉంటుంది, దుకాణాల వరస ఉంటుంది. నేల మీద ఏముందో దానికే డబ్బు కట్టండి. మిగతావి వస్తే సంతోషం. 1929లోనే క్లారెన్స్ పెర్రీ అనే ఆలోచనాపరుడు పేట ఎలా ఉండాలో ఒక లెక్క వేశాడు. ప్రాథమిక పాఠశాల నడిమధ్యలో, పెద్ద రోడ్లు పొలిమేరలో. ఏ పిల్లా బడికి వెళ్లడానికి పెద్ద రోడ్డు దాటకూడదు. చాలాచోట్ల ఇప్పటికీ ఆ పాటి లెక్క కుదరలేదు. మీరు చూస్తున్న ఇంటి నుంచి బడిదాకా నడుస్తూ ఎన్నిచోట్ల రోడ్డు దాటాలో, వాటిలో పిల్లను ఒంటరిగా పంపగలిగినవి ఎన్నో చూసుకోండి.

కొత్త కాలనీకి ఇంకో గుణం ఉంది, కొనేటప్పుడు కనిపించదు. అందరూ ఒకేసారి కొంటారు, దాదాపు ఒకే వయసువాళ్లు. మొదటి పదేళ్లు వీధి నిండా పిల్లలు, ఆటస్థలం చాలదు, బడిలో సీట్లు చాలవు. ఆ పిల్లలంతా ఒకేసారి పెద్దవాళ్లై వెళ్లిపోతారు. మీకు చిన్నపిల్లలుంటే ఇది వరమే; పక్కింట్లోనే తోటివాళ్లు దొరుకుతారు. పిల్లలు పెద్దవాళ్లైన కుటుంబానికైతే పాత పేట మేలు. అక్కడ కొత్త దంపతులూ ఉంటారు, పగటిపూట ఇంటిపట్టున ఉండే పెద్దవాళ్లూ ఉంటారు. ఉన్నట్టుండి అవసరపడితే తలుపు తట్టడానికి ఒక మనిషి ఉంటాడు.

నీడ సంగతీ అంతే. నాటిన చెట్టు వీధికి నీడ ఇవ్వడానికి పదిహేను ఇరవై ఏళ్లు పడుతుంది. ఎండాకాలం మూడు గంటలవేళ వెళ్లి వీధిలో ఎవరైనా నడుస్తున్నారేమో చూడండి. చెట్లు లేని వీధిలో సాయంత్రందాకా ఎవరూ కనపడరు.

ఇంటి గట్టితనం విషయంలో మాత్రం పాతదానికి ఎక్కువ పరీక్ష కావాలి. కరెంటు తీగలు ఎప్పటివి, నీటి గొట్టాలు ఏ లోహానివి, గోడల పాత రంగు పొరల్లో సీసం ఉందా? అమెరికాలో ఇళ్ల రంగుల్లో సీసాన్ని నిషేధించింది 1978లో, మరెన్నో దేశాల్లో అంతకన్నా ఆలస్యంగా. చిన్నపిల్లలున్నవారు దీన్ని తేలిగ్గా తీసుకోకూడదు. కొత్త ఇంట్లో వెంట్రుకవాసి నెర్రెలు వస్తే కంగారుపడనక్కర్లేదు, ప్లాస్టర్ ఆరేటప్పుడు వస్తాయి. కిటికీ మూల నుంచి ఏటవాలుగా పాకి, 5 మిల్లీమీటర్లు దాటిన పగులు కనిపిస్తే అది కొత్తదైనా పాతదైనా ఇంజనీరును పిలవకుండా బయానా ఇవ్వకండి.

నీళ్లు ఎటు పోతాయి?

వీధి, దూరం, పేట అన్నీ బాగుండి కూడా ఇల్లు వదులుకోవాల్సివచ్చే కారణం ఒకటుంటే అది నీరు. రెండిళ్ల మధ్య తటపటాయిస్తుంటే ఎత్తున ఉన్నదాన్ని తీసుకోమంటాను, మిగతావి కాస్త తగ్గినా సరే.

వానాకాలంలోనే వెళ్లాలని లేదు. పొడిరోజున కూడా గుర్తులుంటాయి. ముందు వీధికి ఏ చివర సన్నని మట్టి పేరుకుందో చూడండి. అలల అంచులా వంపులు తిరిగిన ఒండ్రు గీత ఏ గేటు ముందు ఆగిందో నీళ్లు చివరికి ఆగేది అక్కడే. తర్వాత ప్రహరీ గోడ అడుగుభాగం. నేల నుంచి మోకాలెత్తు వరకు రంగు వెలిసి, ఆపైన మామూలుగా ఉందా? ఇటుకల మధ్య తెల్లగా ఉప్పు తేలిందా? ఇల్లంతా పాత రంగులో ఉండి, కింది రెండడుగులకు మాత్రమే కొత్త రంగు వేసి ఉంటే అమ్మేవారి శుభ్రతను మెచ్చుకునే ముందు గోళ్లతో మెల్లగా తట్టి చూడండి. బోలుగా శబ్దం వస్తే లోపలి ప్లాస్టర్ చెమ్మకు ఊడి ఉంది. అలమారల వెనక, మెట్ల కింద వాసన చూడండి. అగరొత్తులకు లొంగని వాసన అది. ఇంటి చుట్టూ నేల గోడ నుంచి బయటికి వాలి ఉండాలి, మొదటి 3 మీటర్లలో కనీసం 15 సెంటీమీటర్లు. లోపలికి వాలి ఉంటే మీ పెరడే మీ పునాదికి నీళ్లు పోస్తుంది. వాలు సరిచేయవచ్చు, ఖర్చు బేరంలో తగ్గించుకోవచ్చు. వీధి మొత్తం పల్లంలో ఉంటే మాత్రం చేసేదేమీ లేదు.

పక్కింటివాళ్లను అడగండి. "నీళ్లు వస్తాయా?" అని అడిగితే లేదంటారు, వాళ్ల ఇంటి ధర కూడా అందులోనే ఉంది కదా. "పెద్దవాన పడితే కారు ఎక్కడ పెడతారు?" అని అడిగి చూడండి.

మిగిలిన చిన్న తేడాలు

కార్నర్ ఇంటికి గాలీ వెలుతురూ రెండు వైపుల నుంచి వస్తాయి. ప్రహరీ పొడవూ, ఊడ్చుకునే భాగమూ, చూసే కళ్లూ కూడా రెట్టింపే. పెరట్లో ఎవరికీ కనిపించకుండా కూర్చోవాలంటే వరస మధ్య ఇల్లే నయం. గోడకు గోడ కలిసిన ఇళ్లను జనం చిన్నచూపు చూస్తారు గానీ, చతురస్రపు ఇంటికి నాలుగు గోడలూ బయటికుంటే వరస మధ్య ఇంటికి రెండే ఉంటాయి. ఎండకూ చలికీ లోనయ్యేది ఆ రెండే. ఉమ్మడి గోడ మందమైన ఇటుకదో కాదో చూడండి. పక్కింట్లో మాట్లాడుకునే వేళ మన వైపు నిలబడి వినడమే దానికి పరీక్ష. పడకగదులన్నీ పడమట ఉన్న ఇల్లు ఎక్కడైనా వేసవిలో ఇబ్బందే. సాయంత్రపు ఎండ అడ్డంగా వస్తుంది, పైన ఎంత చూరు దించినా ఆగదు.

నివాసుల సంఘం ఉన్న కాలనీ అయితే నియమావళి కాపీ చేతికి తీసుకుని పూర్తిగా చదవండి. లెవిట్‌టౌన్‌లో మొదట్లో కంచె కట్టుకోవడం నిషిద్ధంగా ఉండేది. అంతకన్నా ఘోరం, శ్వేతజాతివారు కానివారికి ఇల్లు ఇవ్వకూడదన్న షరతు తొలి ఒప్పందాల్లోనే ఉండేది. అలాంటి షరతులను న్యాయస్థానాలు అమలుచేయకూడదని అమెరికా సుప్రీంకోర్టు 1948లో చెప్పింది. ఎవరిని ఎలా బయట పెట్టాలా అని రాసుకున్న నియమావళి కనిపిస్తే, పూలమొక్కలు ఎంత బాగున్నా ఆ కాలనీ జోలికి పోవద్దు. నెలవారీ రుసుము పెంచే అధికారం ఎవరిదో కూడా అందులోనే ఉంటుంది.

ఇదంతా పదేళ్లు, పదిహేనేళ్లు ఒకేచోట ఉందామనుకునేవారికి. మూడు నాలుగేళ్లలో మరో ఊరికి వెళ్లిపోతామని తెలిస్తే అదే పేటలో అద్దెకుండటం మంచిది. ఇంట్లో చక్రాల కుర్చీ వాడే మనిషి ఉంటే ఈ వరస మొత్తం మారుతుంది. అప్పుడు వీధి కన్నా ముందు ఇంటినే కొలవాలి. గుమ్మం దగ్గర మెట్టు ఉందా, కింది అంతస్తులోనే పడకగదీ స్నానాల గదీ ఉన్నాయా, తలుపులు తెరిచినప్పుడు కనీసం 80 సెంటీమీటర్ల ఖాళీ వస్తుందా చూడండి. స్నానాల గది తలుపు చాలా ఇళ్లలో అంతకన్నా ఇరుకు. గోడ చెక్కించి వెడల్పు చేసుకోవచ్చేమో మేస్త్రీని తీసుకెళ్లి అడిగాకే మిగతా మాటలు.